గణములు, బంతియాట, ఒక పందెపు లెక్క



టెన్నిసు అను బంతియాటను మీలోఁ గొందఱు చూచియుందురు. పలువురు పేరు మాత్రము వినియుందురు. ఆ యాటలోని చిక్కుప్రశ్న యొకటి ముందుగా మీ యెదుటఁ బెట్టెదను. ఇద్దఱాడుచున్నారు. ప్రతి మూఁడు బంతులలో సగటున రెండింటిని మొదటివాఁడు గెలుచును, ఒకదానిని రెండవవాఁడు గెలుచును. అనఁగా వారి బలము 2కు 1. ఇట్టివా రొక యాట యాడినచో మొదటివాని గెలుపున కెంత యవకాశము? 2కు 1 అనియే యెవరికైనను తోఁచును. అది కాదు, ఇంచుమించు 6కు 1. ఈ యెక్కువ యెక్కడనుండి వచ్చినది?

దీనిని లెక్కించి చూపినవాఁడు స్విట్జర్లాండు దేశమున బాసెలు నగరపు గణితాచార్యుఁడు జేకబు బెర్నూలి. ఆతఁడు 1705లో గతించెను. ఆతని మహాగ్రంథము 1713లో వెలువడినపుడు, బంతియాటను గూర్చి మిత్రునకు వ్రాసినట్టి లేఖ యొకటి దాని తుదను జేర్చిరి. ఆ లెక్కకు మూలమైన యంకెలవరుస మన ఛందశ్శాస్త్రమునందే యున్నది. ఈ సంగతి నేను పుస్తకమునఁ జదివి కాక, ఒక తప్పు చేసి తెలిసికొంటిని.

1992వ సంవత్సరమున, ఏరువాక నాళ్ళలో, జమ్మలమడుగునుండి పులివెందులకుఁ బోవు దారిలో ముద్దనూరు దాఁటిన పిమ్మట నొక గ్రామమున జాతర జరిగినది. పిల్లలకు వాలీబాలు పోటీ పెట్టిరి. జమ్మలమడుగు వైపు జట్టొకటి, పులివెందుల వైపు జట్టొకటి. ముందుగా నాలుగాటలు గెలిచినవారికి గ్రామపెద్దలు కూర్చిన 800 రూపాయలు బహుమానము. మా సీమలో రూకలను గూడ 'లెక్క' యనియే యందురు గదా. ఆ లెక్కను నా చేత నుంచి నన్ను మధ్యస్థుని జేసిరి. జమ్మలమడుగువారు మూఁడును, పులివెందులవా రొకటియు గెలిచియున్న సమయమున వాన పట్టుకొన్నది. ఆట నిలిచిపోయినది. ఎవ్వరికిని విచారము లేదు. మా వైపు వానమీఁదఁ గోపించువాఁ డెవఁడు? మఱునాఁటినుండి అందఱును నాగళ్ళు కట్టుదురు. ఆట మరల జరుగదు. రూకలు పంచవలసిన భారము నామీఁదఁ బడినది.

గెలిచిన యాటలు 3కు 1 గనుక 600 రూపాయలు వీరికి, 200 వారికి నని పంచితిని. పెద్దలు తలలూఁచిరి. జమ్మలమడుగు జట్టులో నొక పిల్లవాఁడు మాత్రము కదలక నిలిచి, 'అయ్యోరూ, మాకింగొకటే గదా గావల్ల. వాళ్లకు మూడు గావల్ల' అనెను. పెద్దవారు తీర్పు చెప్పిన పిమ్మట నెదురాడరాదని మందలించి పంపితిని. వాఁడు మాఱుపలుకక పోయెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాఁడు చెప్పినది న్యాయమే. పందెపు సొమ్ము గెలిచినదానికి కూలి కాదు. ఇఁక గెలువవలసినదానిపై నాశ. ఒక్కటి గెలిచినఁ జాలునను వానికిని, వరుసగా మూఁడు గెలిచితీరవలసినవానికిని ఆశలో నెంత భేదము!

ఆ భేదమును కొలుచుట యెట్లు? వాన రాకయున్నచో నెక్కువలో నెక్కువ మఱి మూఁడాటలు జరుగును. జమ్మలమడుగువారి గెలుపును గురువనియు, పులివెందులవారి గెలుపును లఘువనియు నెంచుఁడు. మూఁడు స్థానములలో గురులఘువులు నిలుచు విధము లెన్ని? ఎనిమిది. అవియే మ, య, ర, స, త, జ, భ, న గణములు. జమ్మలమడుగులోఁ బుట్టి ప్రొద్దుటూరున నివసించిన దుర్భాక రాజశేఖర శతావధానిగారును, ప్రొద్దుటూరు గడియారము వేంకటశేషశాస్త్రిగారును జంటగా నవధానములు చేసిన సీమ మాది. ఇక్కడి బడిపిల్లవాఁడు సైతము గణములను వ్రేళ్ళమీఁదఁ జెప్పఁగలఁడు. నేను దినదినము నల్లబల్లమీఁద వ్రాసి బోధించితిని. ఆ యెనిమిదింటిలో పులివెందులవారికి గెలుపు నిచ్చునది సర్వలఘువైన న గణ మొక్కటే. తక్కిన యేడింటను గురువు కలదు గావున జమ్మలమడుగువారిదే గెలుపు. సమానబలులైనచో న్యాయమైన పంపకము 7కు 1. 700 రూపాయ లీయవలసినవారికి 600 ఇచ్చితిని. నూఱు రూపాయలు తప్పినవి.

ఒక్క యాక్షేపణ వినఁబడును. జమ్మలమడుగువా రొకటి గెలువఁగానే ఆట ముగియును గదా, జరుగని యాటలకుఁ గూడ గురులఘువులు వ్రాయ నేల యని. ఈ ప్రశ్ననే మూఁడువందల యేఁబదియేండ్లకుఁ బూర్వము ఫ్రాన్సు దేశమున రోబెర్వాలు అను గణితుఁ డడిగెను. గెలుపు తేలిన పిమ్మట గూడ వినోదమునకై మూఁడాటలును ఆడిరనుకొనుఁడు, ఫలము మాఱదు. మాఱనప్పుడు ఎనిమిదింటిని సమముగా నెంచుటకే యట్లు పూరించుట.

నా తప్పు క్రొత్తది కాదని తరువాతఁ దెలిసి కొంత యూఱట చెందితిని. ఇటలీ దేశమున లూకా పాచోలి యను సన్న్యాసి 1494లో వెనీసునందు ముద్రించిన గణితగ్రంథమున ఇట్టి ప్రశ్నయే, అదియు బంతియాట ప్రశ్నయే, కలదు. ఒక్కొక గెలుపునకు 10 చొప్పున 60 ముట్టినవారిది పందెము. ఒకరికి 50, ఇంకొకరికి 20 వచ్చినపుడు ఆట నిలిచినది. ఆతఁడు నావలెనే గెలిచినదానిని జూచి 5కు 2 అని పంచెను. మొదటివారి కొకటి, రెండవవారికి నాలుగు గావలెను. నాలుగు స్థానముల ప్రస్తారమున 16 భేదములు, సర్వలఘు వొక్కటి. అందుచే 15కు 1. చూచితిరా, యెంత దూరము! 1556లో టార్టాలియా యను వాఁడు, ఇది గణితముచేఁ దేలునది కాదు, న్యాయాధిపతి తేల్పవలసినది యని విడిచెను. విచిత్రమేమనఁగా 1654లో దీనిని తేల్చిన యిరువురిలో ఫెర్మా యనువాఁడు తులూజు నగరపు న్యాయస్థానమున సభ్యుఁడే. రెండవవాఁడు పాస్కలు. వారు వ్రాసికొన్న యుత్తరములనుండియే అవకాశగణిత మను శాస్త్రము పుట్టినదని చెప్పుదురు. ఆ తరువాత రెండేండ్లకు, 1656లో, మన యప్పకవి తన లక్షణగ్రంథమును రచించెను. ఒకరి పేరొకరు వినినవారు కారు.

పాస్కలు పేరఁ బరఁగు అంకెల త్రిభుజము మన మేరుప్రస్తారమే. పింగళుని ఛందస్సూత్రములకు పదవ శతాబ్దిలో వ్యాఖ్య రచించిన హలాయుధుఁడు దానిని గట్టు విధము స్పష్టముగాఁ జెప్పినాఁడు. శిఖరమున నొక గడి, దాని క్రింద రెండు, ఆ క్రింద మూఁడు. కొనగడులలో 1, నడిమి గడిలో మీఁది రెండింటి మొత్తము. ఆఱక్షరముల ఛందమైన గాయత్రికి వచ్చు వరుస 1, 6, 15, 20, 15, 6, 1. మొత్తము 64 వృత్తములు. మూఁడు గురువులు మూఁడు లఘువులు గలవి 20. దీనినే మనవారు ఏకద్వ్యాదిలగక్రియ యనిరి. ఇంత సాధనము చేతనుండియు మనవారు దానిని పద్యములకుఁ గాక పందెమున కేల వాడలేదని మీ రడుగవచ్చును. నలోపాఖ్యానమున ఋతుపర్ణుఁడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పి, అక్షహృదయమును నలున కుపదేశించుట మీ రెఱిఁగినదే. జూదపు విద్యయు లెక్క విద్యయు జంటగా నుండునని యాకాలముననే తోఁచినది.

జూదమును గూర్చిన లెక్క మనవారి గ్రంథములలో లేకపోలేదు. రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమును రచించెను. మన పావులూరి మల్లన తెనిఁగించిన దా గ్రంథమే. రంగాచార్యులవారు దాని మూలమును 1912లో మదరాసున ముద్రింపించిరి. అందు కోడిపందెపు ప్రశ్న యొకటి కలదు. మంత్రౌషధములు తెలిసిన యొక నేర్పరి కోళ్ళు పోరుచుండఁగా మొదటి కోడివానిని రహస్యముగాఁ గలిసి, 'నీ కోడి గెలిచిన నీ పందెపు సొమ్ము నా కిమ్ము. ఓడిన దానిలో మూఁట రెండుపాళ్ళు నేనే నీ కిత్తు'నని యొప్పించెను. రెండవవానితో నట్లే, కాని నాల్గింట మూఁడుపాళ్ళని యొప్పించెను. ఏ కోడి గెలిచినను వానికి 12 బంగారు నాణెములు మిగులును. పందెములెంత? 42, 40. చూచుకొనుఁడు: మొదటిది గెలిచిన 42 పుచ్చుకొని 30 ఇచ్చును, రెండవది గెలిచిన 40 పుచ్చుకొని 28 ఇచ్చును. రెండు విధముల 12. ఇందు అవకాశమను మాటయే లేదు; కోళ్ళ రక్తము కోళ్ళది, లాభము నడిమివానిది. నేఁడు ప్రొద్దుటూరు మొదలగు పట్టణములలో క్రికెట్టు పందెములు కాయు పిల్లలకు నే నీ లెక్క చెప్పుచుందును. నడిమివానికి మంత్రౌషధము లక్కఱలేదు, ఫోను చాలును.

ఇఁక టెన్నిసునకు వత్తము. ఫ్రాన్సువారు మొదట దీని నఱచేతితో నాడిరి. తరువాత నరములల్లిన బద్ద వచ్చినది. పచ్చికమీఁది యాటకు వింబుల్డనులో మొదటి పోటీ 1877లో జరిగెను. మన తెలుఁగునాఁట హైదరాబాదు సయ్యదు మహమ్మదు హాదీ 1924లో పారిసు ఒలింపిక్సులో నాడెను. హైదరాబాదునఁ బెరిగిన సానియా మీర్జా 2015లో వింబుల్డను మహిళల జంటపోటీ గెలిచెను. దీని లెక్క వింతయైనది. మొదటి గెలుపునకు 15, రెండవదానికి 30, మూఁడవదానికి 40 అందురు. ఈ 40 పూర్వము 45. నాలుగవ గెలుపుతో ఆట ముగియును, కాని ఎదిరికంటె రెండు గెలుపు లధికముగా నుండవలెను. ఇరువురును మూఁడేసి గెలిచినచో దానిని డ్యూసు అందురు. అటుపై నెవఁడు వరుసగా రెండు గెలుచునో వానిదే యాట.

మొదటి ప్రశ్నలో బలవంతునకు 2, బలహీనునకు 1. గురువునకు రెండు మాత్రలు, లఘువున కొకటి యని మనవా రెన్నఁడో చెప్పినట్లే యున్నది! అయితే ఛందస్సులో మాత్రలను గూడుదుము, ఇచట గుణింపవలెను. ఆఱు బంతుల ప్రస్తారము వేయుఁడు. ప్రతి బంతికి 3 పాళ్ళు గనుక ఆఱింటికి 3ను ఆఱుసారులు గుణింపఁగా 729 పాళ్ళు. నాలుగు గురువులు గలవి 15, ఒక్కొకదానికి 16 పాళ్ళు: 240. అయిదు గురువులవి 6, ఒక్కొకదానికి 32: 192. సర్వగురువు 64. మొత్తము 496 పాళ్ళలో బలవంతుఁడు డ్యూసు రాకమునుపే గెలుచును. బలహీనునకు నిట్లే 60, 12, 1 కలిసి 73. మిగిలిన 160 పాళ్ళు డ్యూసు. అచ్చట రెండు బంతుల ప్రస్తారము: గురుద్వయమునకు 4, లఘుద్వయమునకు 1, ఒక గురువు, ఒక లఘువు వచ్చినచో మరల మొదటికే వత్తురు. కాఁబట్టి డ్యూసులో 4కు 1. ఆ 160లో 128 బలవంతునివి, 32 బలహీనునివి. అంతయుఁ గూడఁగా 624కు 105. తగ్గించిన 208కి 35. దాదాపు 6కు 1 అనుట యిదియే. బెర్నూలి యింతటితో నాఁగక, బలవంతుఁ డెదిరికి ముందుగా నెంత విడిచిపెట్టినచో ఆట సమమగునో యదియు లెక్కించెను. పందెమునకు న్యాయము కలుగునది యక్కడనే.

బలమున స్వల్పభేదమే యున్నను ఆట దానిని పెంచి చూపును. 100 బంతులలో 55 గెలుచువాఁడు 100 ఆటలలో సుమారు 62 గెలుచును.

దీనికి ఎదురైన వింత యింకొకటి. ఎక్కువ బంతులు గెలిచినవాఁడే యోడవచ్చును. 2010లో వింబుల్డనులో ఇస్నరు, మహూ అనువారు మూఁడు దినములలో 11 గంటల 5 నిమిషము లాడిరి. తుది భాగము 70కి 68గా ముగిసినది. గెలిచినవాఁడు ఇస్నరు. బంతులు మాత్రము మహూ 502, ఇస్నరు 478. 2019 తుదిపోటీలో ఫెదరరు 218 బంతులు గెలిచియు, 204 గెలిచిన జొకోవిచ్చు చేత నోడెను. ఓడిన యాటలో గెలిచిన బంతులు చెల్లవు. ఎక్కువ వోట్లు వచ్చియు స్థానములు తక్కువైన రాజకీయపక్షమువారిని మీ రడిగినఁ జెప్పుదురు. అంత దీర్ఘమైన యాట లిఁక రాకుండ 2022నుండి నాలుగు మహాపోటీలలోను తుది భాగమున 6కు 6 వచ్చినచో 10 బంతుల తీర్పాట పెట్టిరి.

ఉద్యోగము విడిచిన పిమ్మట నొకదినము ప్రొద్దుటూరు బస్సుల నిలుపుచోట నా పిల్లవాఁడు, ఇప్పుడు నలువదియేండ్లు దాఁటినవాఁడు, నన్ను గుర్తించి నమస్కరించెను. గణము లెనిమిదియు నొక కాగితమున వ్రాసి, న గణమునకు గుండ్రన చుట్టి, నా తప్పు చూపి, నూఱు రూపాయల నోటు చేతఁ బెట్టఁబోయితిని. వాఁడు కాగితము పుచ్చుకొని, 'లెక్క తేల్య గదా అయ్యోరూ, లెక్క మీకాడ్నే ఉండనీండి' యని నవ్వుచు బస్సెక్కెను. ఆ నూటికి మఱికొంత చేర్చి, దారిలో నున్న బడి కొక బంతి కొనియిచ్చితిని.