గాలి ఆగినచో?

గాలితో నడచు కవాటమును చూచినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: గాలి ఆగిపోయినచో ఇది ఏమి చేయును? ఈ ప్రశ్న విలువను లోకమునకు తెలిపినది రైలు బ్రేకు చరిత్ర.

అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు పొందెను. ఇంజనునుండి కుదించిన గాలిని గొట్టము గుండ పెట్టెలకు పంపినపుడు బ్రేకు పడును. కాని గొట్టము తెగినచో బ్రేకే లేదు! 1872లో ఆయన ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. ప్రతి పెట్టె క్రిందను ఒక గాలి పీపాను, ఒక కవాటమును అమర్చెను. గొట్టములో ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు వదలియుండును. ఒత్తిడి తగ్గినంతనే కవాటము కదలి, పీపాలోని గాలిని బ్రేకు సిలిండరులోనికి విడుచును. బండి తెగినను రెండు భాగములును ఆగును.

1889లో ఐర్లండులోని ఆర్మా వద్ద, తనంతట పడు బ్రేకు లేని బండిని ఎగువదారిలో విడదీయగా, వెనుక పెట్టెలు జారి మరియొక బండిని తాకినవి. సుమారు 80 మంది మరణించిరి. ఆ యేడే బ్రిటిషు పార్లమెంటు ప్రయాణికుల బండ్లకు అట్టి బ్రేకును విధించు చట్టము చేసెను.

నేటి కర్మాగారములలో పెక్కు కవాటములకు ఇదే రక్షణను స్ప్రింగు కల్పించుచున్నది: గాలి తెరచును, గాలి పోయినచో స్ప్రింగు మూయును. అయితే తేమవలన త్రుప్పు పట్టును; దుమ్ము సన్నని దారులను మూసివేయును. కనుక పీపా అడుగున చేరిన నీటిని విడువవలెను. అప్పుడప్పుడు గాలిని ఆపి, స్ప్రింగు నిజముగా మూయుచున్నదో లేదో చూడవలెను. ఆ పరీక్ష మానినచో, మన ప్రశ్నకు సమాధానము ప్రమాదమే చెప్పును.