చలనచిత్రములును సంఘసంస్కారమును

మన ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. ప్రభువు ఆజ్ఞాపించినట్లు శాసించునది ప్రభుసమ్మితము; మిత్రుడు మంచిచెడ్డలు విప్పి చెప్పినట్లు బోధించునది మిత్రసమ్మితము; ప్రియురాలు మనసు కరగించి తన దారికి త్రిప్పుకొన్నట్లు ఒప్పించునది కాంతాసమ్మితము. వేదము మొదటిదానికిని, పురాణము రెండవదానికిని, కావ్యము మూడవదానికిని ఉదాహరణములు. ఓరుగంటి కాకతీయుల ఆస్థానమున ప్రతాపరుద్రీయమును రచించిన విద్యానాథుడును ఈ విభాగమునే అంగీకరించి కావ్యమునకు పెద్దపీట వేసెను. ఆనాడు కావ్యము కొందరికి చేసిన పనిని నేడు చలనచిత్రము అందరికిని చేయుచున్నది. అక్షరము రానివానికిని అది అర్థమగును. తీరిక లేనివానిని గూడ అది మూడు గంటలు కదలకుండ కూర్చుండబెట్టును. అట్టి సాధనము మనుష్యుల నడవడిని నిజముగా మార్చునా? మార్చినచో ఎంతవరకు మార్చును? ఈ ప్రశ్నకు సమాధానమును ఊహలలో గాక మన హైదరాబాదు నగర చరిత్రలో వెదకుట ఈ వ్యాసోద్దేశము.

తెరమీది బొమ్మకు బలము కలదని మన నగరమున ప్రభువులు తొలినాళ్లలోనే గుర్తించిరి. వంగదేశీయుడైన ధీరేంద్రనాథ గంగూలీ, సీమనుండి తిరిగివచ్చి స్వదేశపు టలవాట్లను తృణీకరించు యువకులను పరిహసించుచు 1921లో 'బిలాత్ ఫెరత్' అను మూగచిత్రమున పేరొందినవాడు. ఆయన హైదరాబాదునకు వచ్చి, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుని పాలనలో, 1922 ప్రాంతమున లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి కొలది కాలములోనే పెక్కు మూగచిత్రములు తీసెను. 1924లో ఇతరులు తీసిన 'రజియా బేగం' అను చిత్రమును ఇచట ప్రదర్శించెను. పదమూడవ శతాబ్దిలో ఢిల్లీని ఏలిన ముస్లిము రాణి యొక హిందువును ప్రేమించినట్లు అందలి కథ. నిజాము ఆగ్రహించి గంగూలీని రాజ్యమునుండి వెడలగొట్టెను. హైదరాబాదులో కంపెనీ పని అంతటితో ముగిసెను. ఆ కథ చూచి ఎవరైన చెడిరా, బాగుపడిరా యని విచారణ జరుగలేదు. చూచుట చేయుటకు మొదటి మెట్టని ప్రభువు భయపడెను. ఆ భయముకంటె గొప్ప ప్రశంసాపత్రమును చలనచిత్రమునకు ఎవరును ఈయలేరు.

భయము ప్రభువులది, ఆశ సంస్కర్తలది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల'ను తెలుగువారి ముందుంచిరి. కథ చలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి, నాయిక కాంచనమాల. హరిజన కన్యకును బ్రాహ్మణ యువకునకును గల ప్రేమ, హరిజనుల దేవాలయ ప్రవేశము అందలి విషయములు. ఆ చిత్రము ఊరక ఆకాశమునుండి ఊడిపడినది గాదు. గాంధీగారి హరిజన యాత్ర 1933-34 సంవత్సరములలో జరిగెను. 1936లో తిరువాన్కూరు మహారాజు దేవాలయములను అందరికిని తెరపించెను. చిత్రము వెలువడిన మరుసటి యేడే మదరాసు రాజధానిలో దేవాలయ ప్రవేశ శాసనము పుట్టెను. ఉద్యమకారుడు, శాసనకర్త, చిత్రకారుడు ఒకే దశకమున ఒకే గోడను ముగ్గురు మూడు ప్రక్కల త్రవ్విరి. 1939లో రామబ్రహ్మముగారే 'రైతుబిడ్డ' తీసి జమీందారీ దౌష్ట్యమును చూపిరి. ఆ చిత్రము తీసిన సారథి సంస్థకు చల్లపల్లి జమీందారుగారే అండగా నుండుట విచిత్రము. ఇతర జమీందారులకు అది రుచింపక కొన్ని తావులలో ప్రదర్శన నిషేధింపబడెను. నిషేధము బొమ్మను ఆపినది గాని రైతు సంఘములను ఆపలేదు. 1948లో జమీందారీలను రద్దు చేయు చట్టము మదరాసు రాజధానిలో రానే వచ్చెను.

బొమ్మ రాకపూర్వము మన నగరమునందే కథకు గల శక్తిని చక్కగా వినియోగించిన మహనీయుడు భాగ్యరెడ్డివర్మగారు. ఆయన 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలద్వారా దళితజనులకు విద్య, మద్యపాన నిషేధము, ఆత్మగౌరవము బోధింపజేసిరి. అచటితో నిలువక 1910లో ఇసామియా బజారున పాఠశాల తెరచిరి. దేవదాసీ ఆచారముతోను బాల్యవివాహములతోను పోరాడిరి. కథ విని కన్నీరు తుడుచుకొన్న తండ్రికి మరునాడు బిడ్డను పంపుటకు బడి యుండెను. ఈ చిన్న విషయమును చదువరులు మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పని గలదు.

ఇక 1982వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు మార్చి 29వ తేదీన నందమూరి తారకరామారావుగారు హైదరాబాదులో తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. తెరమీద రాముడుగను కృష్ణుడుగను దర్శనమిచ్చిన ముఖము ఊరూర రథముమీద కనబడెను. 1983 జనవరి 9వ తేదీన ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. పూర్వప్రభుత్వముపై విసుగు, తెలుగువారి ఆత్మాభిమానము మున్నగు కారణములు వేరుగా గలవు. అయినను చలనచిత్రము తెచ్చిపెట్టిన పరిచయము లేనిదే తొమ్మిది నెలలలో అంతటి మార్పు సంభవించి యుండదు.

అదే 1982లో మరియొక చిత్రము వెలువడెను. సాగర్ సర్హదీ తీసిన ఆ ఉర్దూ చిత్రము పేరు 'బాజార్'. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫరూఖ్ షేఖ్, సుప్రియా పాఠక్ అందు నటించిరి. విషయము మన హైదరాబాదుదే. 1948లో నిజాము రాజ్యము ముగియుటతో సైన్యము, దేవిడీల కొలువులు పోయి పాతబస్తీలో వేలకొలది కుటుంబములు దారిద్ర్యమున పడెను. 1973 తరువాత చమురు ధర పెరిగి అరబ్బు దేశములలో ధనము పొంగెను. ఒకచోట ఆకలి, ఒకచోట ధనము, నడుమ దలారి. ముసలి ధనికుడు వచ్చును; దలారి పిల్లలను చూపును; కాగితముమీద వయసు పెంచి వ్రాయుదురు; నిఖా జరుగును; సొమ్ము దలారి, ఖాజీ, తలిదండ్రులు పంచుకొందురు. కొన్నాళ్లకు వరుడు తన దేశమునకు పోవును. పిల్ల ఇచటనే మిగులును, లేదా ఎరుగని దేశమున దాసి యగును. చిత్రమున షబ్నం అను పేదపిల్ల సర్జూ అను యువకుని ప్రేమించును. ఆమెను విదేశమున ధనము గడించి వచ్చిన పెద్దవయసువానికి ఇత్తురు. ఆమె ప్రాణము తీసికొనును. ఆ సంబంధము కుదిర్చిన నజ్మా అను స్త్రీ గూడ దుష్టురాలు కాదు, తన సుఖముకొరకు ఇతరుల బిడ్డను బేరము పెట్టిన సామాన్యురాలు. కొన్నవాడొక్కడే గాదు, చూచి యూరకున్నవారందరును దోషులే యని చిత్రము తేల్చి చెప్పినది. అందు హైదరాబాదు కవి మఖ్దూం మొహియుద్దీను గజలును గలదు. శ్రోతలు పాటను పదిలముగా దాచుకొనిరి.

ఇంత చెప్పినను ఏమయ్యెను? 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో పది పదునొకండేండ్ల పిల్ల యొకతె ఏడ్చుచుండెను. ప్రక్కన అరువదేండ్ల సౌదీ దేశీయుడు; ఆతడు ఆమె భర్త యట! విమాన పరిచారిక యొకతె ఆ పిల్ల చెంత కూర్చుండి సంగతి అడిగి తెలిసికొని అధికారులకు తెలిపెను. ఢిల్లీలో ఆతనిని పట్టుకొనిరి. దేశమంతయు గగ్గోలు పుట్టెను. కాని ఆతడు జామీనుపై వెలువడి దేశము దాటిపోయెను. ఆనాటి శాసనము ప్రకారము, 1978 సవరణముతో, కన్య వివాహవయసు పదునెనిమిదేండ్లు. శాసనము ఉండెను, చిత్రము ఉండెను, అయినను పిల్ల విమానము ఎక్కెను.

ఒక ముఖము తొమ్మిది నెలలలో ప్రభుత్వమును మార్చెను. ఒక కథ తొమ్మిదేండ్లలో ఒక్క వీధి ఆచారమును మార్చలేకపోయెను. ఈ భేదమునకు కారణమేమి? మొదటిది ప్రేక్షకుని కోరిక నడచు దిక్కుననే నడచినది. ఆతనినుండి అది కోరినది ఒక ఓటు మాత్రమే. రెండవది ఆకలికిని లాభమునకును ఎదురు నడచినది. పైగా 'బాజార్' చూచి కన్నీరు పెట్టిన విద్యావంతుడు వేరు, పిల్లను ఇచ్చిన రిక్షావాడు వేరు. ఒకనికి చిత్రము జాలి కలిగించెను. మరియొకనికి అది మరునాటి అన్నము చూపలేదు. భాగ్యరెడ్డివర్మగారి హరికథ వెనుక బడి యుండెను. 'బాజార్' వెనుక ఏమియు లేదు.

ఇది ముస్లిముల దోషమని తలంచు చదువరి ఎవరైన నున్నచో, ఆతడు తన యింటి చరిత్రను కొంచెము చూచుకొనవలెను. వధువు సమ్మతి లేని నిఖా చెల్లదని ఇస్లాము ధర్మశాస్త్రమే చెప్పుచున్నది. మన అగ్రహారములలో పసిబిడ్డలను ముసలివారికి అమ్మిన దినములు మరువరానివి. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగర మహారాజు లెక్కింపజేయగా వేయి ముప్పదినాలుగు తేలినట్లు గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము' పీఠికలో తెలిపిరి. ఆ నాటకము మొదట 1892లో ఆడబడెను. 1955లో అది చలనచిత్రమగునాటికి కన్యాశుల్కము పోయి దాని స్థానమున వరశుల్కము సింహాసన మెక్కియుండెను. వరశుల్కమును ఖండించిన 'వరవిక్రయము' 1939లోనే తెరకెక్కెను. 1961లో నిషేధ శాసనమును వచ్చెను. కట్నము మాత్రము పోలేదు. బేరము చేయువాని మతము మారును, బేరము స్వభావము మారదు.

అట్లయిన చలనచిత్రము వ్యర్థమా? కాదు. అది చేయగల పని యొకటి గలదు: పెండ్లి యని పిలువబడుచున్నదానిని అమ్మకమని పిలుచుట నేర్పును. పేరు మారనిదే చూపు మారదు. విమానమున ఆ పరిచారిక 'బాజార్' చూచి ప్రేరణ పొందెనని వాదించుట నా ఉద్దేశము గాదు. ఆ విమానమునకు ముందు ఆ పిల్లను ఇంటను, వీధిలోను, విమానాశ్రయమునను ఎందరో చూచిరి; అది ఒక సంసారపు సంగతి యని ఊరకుండిరి. ఒక్కతె అడిగెను. చిత్రము వేయిమందికి చూపు ఈయగలదు. అడుగుట మాత్రము ఎవరికి వారు చేయవలసిన పని.

2006లో బాల్యవివాహ నిషేధ శాసనము మరింత గట్టిగా వచ్చెను. అయినను 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఇట్టి పెండ్లిండ్లకై వచ్చిన ఒమాను, ఖతరు దేశీయులను, వారికి తోడుపడిన ఖాజీలను నిర్బంధింపవలసి వచ్చెను. కాబట్టి ప్రభుసమ్మితము ఒంటరిగా చాలదు, కాంతాసమ్మితము ఒంటరిగా చాలదు. లోపించినది మిత్రసమ్మితము. ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ పాతబస్తీలో 'షాహీన్' అను సంస్థను నెలకొల్పి స్త్రీలకు చేతిపనులు నేర్పించుచు, ఆపదలో నున్నవారికి ఆశ్రయము చూపినది. కవిత్వము చేయలేని మిగిలిన సగమును కవయిత్రియే పూనుకొని చేసినది.

ఉపాధ్యాయునిగా నేను ఒక్క మాట చెప్పెదను. వేసవి సెలవుల పిదప హాజరుపట్టీలో ఒక ఆడపిల్ల పేరు ఎదుట వరుసగా గైరుహాజరు గుర్తులు పడినపుడు, ఆ యింటికి పోయి అడుగుట ఏ శాసనమును మనకు నిషేధింపలేదు. అద్దె కట్టలేని తల్లికి చేయూత నిచ్చుట, పిల్ల చదువు ఖర్చు నలుగురు పంచుకొనుట, దలారి వీధిలోనికి వచ్చినపుడు పెద్దలు కూడి నిలువదీయుట, ఇవి పెద్ద పనులు గావు. గృహిణులారా, మీరు మంచి చిత్రము చూచి ఇంటికి వచ్చినపుడు నటీనటుల నటనమును మెచ్చుకొనుడు, పాటలు పాడుకొనుడు. కాని ఆ రాత్రి భోజనముల యొద్ద, మన వీధిలో అట్టి పిల్ల ఎవరైన నున్నదా యని ఒక్కసారి అడుగుడు. ఉన్నచో తెల్లవారి ఆమె యింటికి వెళ్లుడు.