నల్ల పలకలలోని గొంతుకలు

నా బాల్యమున మా మెట్‌పల్లి యింట తాతగారు కొన్న చేతిత్రిప్పుడు గ్రామఫోను పెట్టెయు, పదునొకండు ప్లేట్లును ఉండెడివి. పండుగనాడు తప్ప వానిని ముట్టనిచ్చెడివారు కారు. ఒకనాడు నేను రహస్యముగా ఒక ప్లేటును తీసి చేజార్చితిని. అది కుండపెంకువలె మూడు ముక్కలయ్యెను. లక్కపురుగు కొమ్మలపై పెట్టు జిగురును రాతిపొడితో కలిపి అచ్చొత్తిన వస్తువు మఱి! తాతగారు నన్ను కొట్టలేదు గాని, రెండు దినములు పలుకరింపలేదు.

మన దేశమున ఈ విద్య 1902లో కలకత్తాలో వేళ్లూనినది. గ్రామఫోను కంపెనీ పంపగా వచ్చిన గైస్‌బర్గు దొర గౌహర్‌జాన్ అను గాయని పాటను పట్టెను. పాట ముగియగానే ఆమె తన పేరు ఇంగ్లీషున తానే చెప్పెడిది. ప్లేట్లు జర్మనీలో అచ్చుపడుచుండెను గనుక, ఏది ఎవరిదో అచ్చటి పనివారు గుర్తించుటకట. 1925లో విద్యుత్పద్ధతి వచ్చువరకు గాయకుడు బాకా మూతికెదురుగా నిలిచి గొంతెత్తి పాడవలసినదే.

ఒక్కొక్క వైపున మూడు, మూడున్నర నిమిషములే పాట. ఈ కొలతయే మన నాటక పద్యమునకు గండమైనదని నా తలంపు. రంగస్థలముపై పద్యము ముగిసినపిదప రాగము ఎంతసేపు సాగునో నటుని యిష్టము, సభ యిష్టము. ప్లేటుమీద ఆ విరివికి చోటేది? కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యము విన్నప్పుడెల్ల, పక్షిని పంజరమున జూచినట్లే నాకు తోచును. అయినను ఆ పంజరమే లేకున్న ఆ పక్షి కూత మనకు దక్కియుండెడిది కాదు. స్థానం నరసింహారావుగారి సంగతి వేఱు. సత్యభామ వేషము కన్నులకు కానరాకున్నను, ఆమె అతిశయమంతయు గొంతులోనే వినబడును.

నన్నడిగినచో అన్నింటికంటె మిన్న ఘంటసాలగారి పుష్పవిలాపము. కరుణశ్రీగారి పద్యములను ఆయన దీర్ఘరాగములతో ముంచెత్తలేదు. నడుమ నడుమ వచనము చెప్పి, చదువురాని వానికిని అర్థమగునట్లు పాడిరి. మా నాయనమ్మకు అక్షరము రాదు. ఆ ప్లేటు విన్న వారము దినములు ఆమె పూజకు పూలు కోయలేదు.

భగవద్గీతను ఆయన పాడిన పెద్ద ప్లేటు 1974లో, ఆయన గతించిన పిదప వెలువడెను. ఏడువందల శ్లోకములలో ఏరిన కొన్ని శ్లోకములు, వానికి తెలుగు తాత్పర్యము అందుగలవు. మంచి కృతి. కాని దానిని చావు జరిగిన యింట మాత్రమే వినిపించు ఆచారము మనకెట్లు పట్టుకొన్నదో! యుద్ధమునకు వెనుదీసిన వానిని లేపి నిలబెట్టుటకు చెప్పిన మాటలను, ఇక లేవని వానికి వినిపించుచున్నాము.

నా మనసున నొక వెలితి కలదు. కంపెనీలవారు తెలుగు పాటను ఎక్కువగా మదరాసున పట్టెడివారు. మా ప్రాంతపు చిందు భాగవతులకును, ఒగ్గు కథకులకును అంత దూరపు దారి తెలిపినవారెవరు? మా మేనమామ ధర్మపురి జాతరలో, గోదావరి యొడ్డున, శేషప్ప కవి నరసింహ శతకమును పాడగా దారిన పోవువారు మూటలు దించి నిలిచెడివారు. ఆయన 1983లో పోయెను. తాతగారి పది ప్లేట్లు ఇప్పటికిని మా యింట పదిలముగా నున్నవి. వానిలో ఆయన గొంతు లేదు.