ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్ (1924 సినిమా)

‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ 1924 మార్చిలో న్యూయార్క్‌లో మొదట ప్రదర్శితమైన అమెరికన్ మూకీ జానపద చిత్రం. అరేబియన్ నైట్స్ కథల ఛాయలతో తీసిన ఈ సినిమాకు రావుల్ వాల్ష్ దర్శకుడు. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ కథానాయకుడు, నిర్మాత. తెరపై కథారచయితగా కనిపించే ఎల్టన్ థామస్ కూడా ఆయనే. చిత్రాన్ని యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పంపిణీ చేసింది.

కథ

బాగ్దాద్ వీధుల్లో జేబులు కొట్టి బతికే అహ్మద్, దొంగతనానికి రాజభవనంలోకి చొరబడి రాకుమారిని చూసి మనసు పారేసుకుంటాడు. రాకుమారుడి వేషంలో స్వయంవరానికి వెళ్తాడు. గుట్టు బయటపడటంతో కొరడాదెబ్బలు తింటాడు. ఏడు నెలల్లో అందరికంటే అపురూపమైన వస్తువు తెచ్చినవాడికే తన చేయి అందిస్తానని రాకుమారి షరతు పెడుతుంది. పర్షియా రాకుమారుడు ఎగిరే తివాచీని, భారత రాకుమారుడు దూరాన ఉన్నవి చూపే స్ఫటికాన్ని, మంగోలు రాకుమారుడు ప్రాణం పోసే బంగారు యాపిల్‌ను సంపాదిస్తారు. అగ్నిలోయ, సముద్రగర్భం దాటి రెక్కల గుర్రాన్ని చేరిన అహ్మద్, చివరికి మాయాపేటికతో తిరిగి వస్తాడు. మంగోలు సేన బాగ్దాద్‌ను ఆక్రమించగా, పేటికలోని పొడి చల్లి సైన్యాన్ని సృష్టించి నగరాన్ని విడిపిస్తాడు. కష్టపడి సంపాదించుకున్నదే సుఖం అన్నది సినిమా చెప్పే నీతి.

నిర్మాణం

ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. అప్పట్లో ఇది అరుదైన మొత్తం. విలియం కామెరాన్ మెంజీస్ రూపకల్పనలో హాలీవుడ్‌లో బాగ్దాద్ నగరమే లేచింది. నేలను నల్లగా నున్నగా మెరిపించడంతో బురుజుల నీడలు అందులో ప్రతిఫలించి, అంత బరువైన కట్టడాలూ గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఎగిరే తివాచీ అసలు ఉక్కు పలక. దాన్ని సన్నని తీగలతో క్రేన్‌కు వేలాడదీసి, ఫెయిర్‌బ్యాంక్స్‌ను దానిపై నిలబెట్టి, కింద గుమిగూడిన జనం తలల మీదుగా నడిపించారు. ఆర్థర్ ఎడిసన్ ఛాయాగ్రహణం, మిచెల్ లీసెన్ దుస్తులు, మార్టిమర్ విల్సన్ సంగీతం సమకూర్చారు.

నటవర్గం

రాకుమారిగా జూలాన్ జాన్‌స్టన్, మంగోలు రాకుమారుడిగా జపాన్ నటుడు సోజిన్ నటించారు. లావాటి పర్షియా రాకుమారుడి పాత్ర వేసింది మటిల్డ్ కోమాంట్ అనే నటి. బానిసపిల్లగా కనిపించిన చైనా సంతతి అమెరికన్ నటి అనా మే వాంగ్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఈ పాత్రతో ఆమెకు పేరొచ్చింది. అయితే ఆసియావాసులను కుట్రదారులుగా చూపే నాటి హాలీవుడ్ ధోరణి మంగోలు రాకుమారుడు, బానిసపిల్ల పాత్రలు రెండింటిలోనూ ఉంది.

ప్రభావం

1940లో ఇదే పేరుతో బ్రిటిష్ నిర్మాత అలెగ్జాండర్ కోర్డా తీసిన రంగుల చిత్రంలో, దొంగ పాత్రను మైసూరు కుర్రాడు సాబు ధరించాడు. ఆ నిర్మాణంలోనూ మెంజీస్ పాలుపంచుకున్నాడు. తెలుగులో ఎన్.టి.రామారావు, జయలలిత నటించిన ‘బాగ్దాద్ గజదొంగ’ 1968లో వచ్చింది.

ఫెయిర్‌బ్యాంక్స్ ఒంటి చురుకుదనం, మెంజీస్ కట్టిన నగరం ఈ సినిమాకు రెండు కళ్లు. కథ వాటి తర్వాతే. అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో దీన్ని 1996లో చేర్చారు.