హార్మోన్ చికిత్స, రక్తం గడ్డకట్టే ముప్పు: చరిత్ర

నెలసరి ఆగిన స్త్రీలకు, ఆపరేషన్‌లో అండాశయాలు పోయినవారికి ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇవ్వడమే హార్మోన్ చికిత్స. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టోజెన్ కూడా తోడుగా ఇస్తారు. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ప్రెమరిన్ మాత్ర 1942లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. రక్తపు గడ్డల గురించి తొలి హెచ్చరిక మాత్రం మరో హార్మోన్ మాత్ర వల్ల వచ్చింది. ఎనావిడ్ అనే ఆ మాత్ర వేసుకున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల్లో గడ్డ చేరిందని 1961లో జోర్డన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు లాన్సెట్ పత్రికకు రాశాడు. 1970లో గుండెపోటు వచ్చిన మగవారికి ఈస్ట్రోజెన్ ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసిన ప్రయోగాన్ని, మేలు బదులు కీడు కనిపించి మధ్యలోనే ఆపేశారు. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే అధ్యయనం 16,608 మందితో చేసి, 2002లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, ఏడాదికి ప్రతి పదివేల మందిలో రెండు హార్మోన్ల మాత్ర వేసుకున్నవారిలో 34 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 16 మందికి సిరల్లో గడ్డలు కట్టాయి. హార్మోన్ అంటేనే గడ్డ అన్న భయం ఆనాటి నుంచి స్థిరపడింది.

ఆ భయంలో సగమే నిజం. రక్తనాళం లోపలి గోడను కప్పి ఉండే ఎండోథీలియల్ కణాలకు ఈస్ట్రోజెన్ శత్రువు కాదు. అది సోకిన కొద్ది నిమిషాల్లోనే ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. నాళం సడలుతుంది, ప్లేట్‌లెట్లు అంత తేలిగ్గా అంటుకోవు. చిక్కంతా మందు వెళ్లే దారిలో ఉంది. మింగిన మాత్ర పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరి, గడ్డకట్టించే ప్రోటీన్లను పెంచుతుంది, వాటిని అదుపులో ఉంచే యాంటీథ్రాంబిన్, ప్రోటీన్ ఎస్‌లను తగ్గిస్తుంది. చర్మానికి అతికించే ప్యాచ్, రాసుకునే జెల్ కాలేయం మీద ఆ భారం వేయవు. ఫ్రాన్స్‌లో జరిగిన ఎస్తర్ అధ్యయనం 2003లో ఈ తేడాను చూపింది: మాత్రతో ముప్పు దాదాపు మూడున్నర రెట్లు, ప్యాచ్‌తో పెరుగుదల లేదు. ఇది చీటీలు వేసి జనాన్ని విడదీసిన ప్రయోగం కాదు కదా, ఆరోగ్యవంతులకే ప్యాచ్ రాసి ఉండవచ్చు కదా అనే అభ్యంతరం సబబైనదే. అయితే 80 వేలకు పైగా గడ్డల కేసులను పరిశీలించిన 2019 నాటి బ్రిటన్ అధ్యయనమూ అదే చెప్పింది, కాలేయ ప్రోటీన్ల లెక్కా దానికి సరిపోతోంది. వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు ఒకచోట కలిసినప్పుడు అనుమానానికి బలం తగ్గుతుంది. అలాగని గతంలో గడ్డ కట్టినవారికి ప్యాచ్ పూర్తి అభయమేమీ కాదు.

తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటివారు డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారో తీశారో చూసుకుని, తమకుగానీ ఇంట్లోవారికిగానీ ఎప్పుడైనా కాలి సిరలో గడ్డ కట్టి ఉంటే ఆ సంగతీ చెప్పి, మాత్రా ప్యాచా అని డాక్టరును అడగాలి.