మా నాయిన పుల్లరు

ఫిలింనగర్ చరిత్ర రాసినోళ్లు స్టూడియోల పేర్లు రాసిండ్రు, హీరోల పేర్లు రాసిండ్రు. మద్రాసు నుంచి తెలుగు సినిమా జూబ్లీహిల్స్ గుట్టల మీదికి ఎట్ల తరలొచ్చిందో రాసిండ్రు. ఆ గుట్టల్ల బండలు కొట్టి, మిగిలిన రాళ్ల నడుమ గుడిసెలేసుకున్న పాలమూరు కూలోళ్లది ఒక్క వాక్యంలో అయిపోతది. మా నాయిన ఆ వాక్యంలోనివాడు.

ఊర్లె మా తాతకు రంపె, ఆరె సొంతంగా ఉండేవి. ఆయన పనిని అంటరానిదన్నరు గని, పనిముట్టు కోసం ఆయన ఎవరి గడపకూ పోలేదు. నాయిన మోటారుసైకిళ్ల షెడ్డుల చేరినంక అడుక్కోవుడు మొదలైంది. పానాలు, పేచ్‌కస్‌లు ఎట్లనో కొనుక్కున్నడు. అవి అన్ని బండ్లకు పనికొస్తయి. యెజ్డీ, రాజ్‌దూత్, యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్ల మాగ్నెట్ ఊడదీయాలంటే మాత్రం పుల్లరు కావాలె. మాగ్నెట్ చక్రం క్రాంకు మొన మీద బిగుసుకొని కూసుంటది. పుల్లరును చక్రం మరలకు ఎక్కించి నడిమి బోల్టు తిప్పితే, అది క్రాంకును నొక్కి చక్రాన్ని బయటికి గుంజుతది. సుత్తెతో కొడితే మరలు చెడతయి, క్రాంకు వంగుతది. ఆ ఖర్చు మెకానిక్ నెత్తి మీదనే.

పుల్లరు పక్క షెడ్డాయన దగ్గర ఉండేది. అందరికీ ఉత్తగనే ఇచ్చేటోడు. మా కులం ఎరిగినోడు గనుక నాయిన పోతే చేతిగడియారం కుదవ పెట్టుమనేటోడు. తిరిగి ఇచ్చినంక కిరోసిన్‌తో కడిగి లోపల పెట్టేటోడు. గ్రీజు కోసం కాదు, గ్రీజు అందరి చేతులకుంటది. బరోడా కొలువులో అంబేద్కర్‌కు బంట్రోతులు ఫైళ్లు దూరంనుంచి విసిరేవారని డిగ్రీలో చదివినప్పుడు నాకు ఆ కిరోసిన్ వాసనే వచ్చింది.

కొత్త పనిముట్లకని అప్పుకు పోతే, ఒక బ్యాంకు మేనేజరు షెడ్డు జాగ కాగితం తెమ్మన్నడు. గుట్ట కింది షెడ్డుకు కాగితం యాడిది? నాయిన ఊడదీసిన చక్రం ఒకటి, పాత ఇనుప ముక్క ఒకటి సంచిలేసుకొని లేతు మిషన్ కాడికి పోయిండు. చక్రం మరలకు సరిపోయేటట్టు పుల్లరు కోయించుకున్నడు. ఆ రాత్రి దాన్ని దిండు కిందనే పెట్టుకొని పన్నడు.

1985లో హీరో హోండా ఫోర్ స్ట్రోక్ బండి దింపినంక వాల్వులొచ్చినయి. వాల్వు స్ప్రింగును అదిమిపట్టే పనిముట్టు, సందు కొలిచే ఫీలర్ గేజి అవసరమైనయి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలొచ్చినయి, కార్బొరేటర్ పోయింది. ఇప్పుడు లోపం యాడుందో స్కానరు పెట్టి చూడాలె.

నేను బడిపంతులునైన. షెడ్డు తమ్ముడు నడుపుతున్నడు. పుల్లరు కోసం వచ్చిన పిలగాండ్లకు ఏ కుదవా లేకుండ ఇస్తడు. స్కానరు మాత్రం వాడింకా కిరాయికే తెస్తున్నడు.