ఆరు ఫంక్షన్లూ, అడుగున ఒక బగ్స్ సెక్షనూ

2010లో బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో బస్సు దిగినప్పుడు, మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డుల మీద నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడిన మాట ఒరాకిల్. పొద్దున ఏడింటి బ్యాచ్, సాయంత్రం ఆరింటి బ్యాచ్, మధ్యలో జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన నోట్స్. మూడు నెలలు తిరిగేసరికి డేటాబేస్ అంటే టేబుళ్లు, జాయిన్లు, ఎస్‌క్యూఎల్ అని బుర్రలో స్థిరపడిపోయింది. అంతకంటే చాలా చిన్న డేటాబేస్ ఒకటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు. దాని పేరు మీద ఉద్యోగాలు లేవు కదా.

ఆ చిన్నదాని పేరు డీబీఎమ్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశాడు. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో బయటికి వచ్చింది. ఇది విడిగా నడిచే సర్వర్ కాదు. మన సి ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయే లైబ్రరీ. మొత్తం ఆరు ఫంక్షన్లు. డీబీఎమ్ఇనిట్ ఫైలును తెరుస్తుంది. స్టోర్ దాస్తుంది, ఫెచ్ తెచ్చిస్తుంది, డిలీట్ తీసేస్తుంది. ఫస్ట్‌కీ, నెక్స్ట్‌కీ రెండూ కలిసి ఉన్న కీలన్నీ ఒక్కొక్కటిగా చూపిస్తాయి. కీ అయినా, దాని విలువ అయినా దానికి ఉత్త బైట్ల వరసే. ఎక్కడ మొదలైంది, పొడవెంత, అంతే కావాలి. లోపల పేరుందా, జీతముందా అని అడగదు.

లోపలి పద్ధతి తెలియాలంటే హైదరాబాద్ ఇంటి నంబర్లు గుర్తు తెచ్చుకోండి. 7-1 అంటే అమీర్‌పేట వైపు, 6-3 అంటే పంజాగుట్ట, సోమాజిగూడ వైపు. ఒక స్థలం రెండు ముక్కలైతే పాత నంబరు పక్కన గీత పెట్టి ఒక ఏ, ఒక బీ చేరుస్తారు. దానికోసం వీధిలో మిగతా ఇళ్ల నంబర్లు మార్చరు. డీబీఎమ్ చేసేదీ అలాంటి పనే. కీని హ్యాష్ చేసి, వచ్చిన సంఖ్యలో చివరి బిట్లను బట్టి పేజీ ఎంచుకుంటుంది. పేజీ నిండితే ఆ ఒక్క పేజీనే రెండుగా చీల్చి, అక్కడ మాత్రం ఇంకో బిట్ కూడా చూస్తుంది. ఏవి చీలాయో ఒక చిన్న ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది. అసలు సరుకు ఇంకో ఫైలులో ఉంటుంది. అందుకే ఎంత పెరిగినా కావలసినది డిస్కు మీద ఒకటి రెండు రీడ్లలో దొరుకుతుంది. 1979 నాటి డిస్కుల మీద ఇది చిన్న విషయం కాదు.

నాకు ఇంతకంటే నచ్చేది దాని మాన్యువల్ పేజీ. అడుగున బగ్స్ అని ఒక భాగం ఉంటుంది. కీ, విలువ కలిపి 512 బైట్ల బ్లాకు దాటకూడదు. డిలీట్ చేసినంత మాత్రాన ఫైలు చిన్నదవదు. కీలు వచ్చే వరసకి హ్యాషింగే తప్ప వేరే అర్థమేమీ లేదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: ఫెచ్ తెచ్చిచ్చే పాయింటర్ లైబ్రరీ సొంత జాగాలోకి చూస్తుంటుంది. తర్వాతి కాల్‌తో అక్కడున్నది మారిపోవచ్చు. అట్టే పెట్టుకోవాలంటే కాపీ చేసుకోవాల్సింది మీరే. ఏం చేయగలదో చెప్పిన ఆ కాగితమే, ఏం చేయలేదో కూడా చెప్పేస్తుంది.

తర్వాతి చరిత్రంతా ఈ మాటల్ని ఒక్కొక్కటిగా సవరించుకుంటూ పోయినదే. పాతదానిలో ఒకసారికి ఒక్క డేటాబేస్‌నే తెరవగలం. 1986లో బర్కిలీ వాళ్ల ఎన్‌డీబీఎమ్ ఆ అడ్డు తీసేసింది. గ్నూ వాళ్ల జీడీబీఎమ్‌లో ఫెచ్ పేరు అలాగే ఉంది కానీ ఒప్పందం మారింది. మన వంతు కాపీ మనకే ఇస్తుంది, పనయ్యాక ఫ్రీ చేయాల్సింది మనమే. మార్గో సెల్ట్‌జర్, ఓజాన్ ఇగిట్ 1991లో రాసిన హ్యాషింగ్ ప్యాకేజీ బర్కిలీ డీబీకి దారితీసింది. స్లీపీక్యాట్ అనే కంపెనీ దాన్ని పెంచి పోషించింది. 2006లో ఆ కంపెనీని కొన్నది ఎవరనుకున్నారు? ఒరాకిల్. నేను అమీర్‌పేటలో దిగేనాటికే, అక్కడి బోర్డుల మీది పేరు కింద ఈ చిన్న వంశం కూడా చేరిపోయి ఉంది.

ఇంకో కొమ్మ ఉంది. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన మొదటి ఎస్‌క్యూలైట్, డేటా దాచడానికి జీడీబీఎమ్‌నే వాడుకుంది. హ్యాష్‌లో వరస ఉండదు, ఎస్‌క్యూఎల్‌కి వరసతో పని పడుతుంది. మరుసటి ఏడు వచ్చిన రెండో వెర్షన్‌లో సొంత బీ-ట్రీ పెట్టుకున్నాడు. ఈ రోజు మన చేతుల్లోని ఫోన్లలో ఉన్నది దాని వారసుడే. 2011లో గూగుల్ నుంచి వచ్చిన లెవెల్‌డీబీ లోపల ఎంత మారినా, పైకి కనిపించేవి ముఖ్యంగా గెట్, పుట్, డిలీట్. ముప్పై రెండేళ్ల తర్వాత కూడా అవే మూడు పనులు.

ఇదంతా నేను కుతూహలంతో నేర్చుకున్నది కాదు. దెబ్బ తిని నేర్చుకున్నాను.

కోర్సయ్యాక నా రెజ్యూమెలో లేని రెండేళ్ల అనుభవం చేరింది. ఎవరో బలవంతం చేశారని చెప్పను. హాస్టల్లో నాతో ఉన్నవాళ్లు చేశారు, నేనూ చేశాను. ఆ రెజ్యూమెతోనే పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఎన్‌డీబీఎమ్ మీద నడిచే పాత సి ప్రోగ్రామ్ ఒకటుండేది. రెండు రికార్డులు ఫెచ్ చేసి, పోల్చి, తేడాలు రాయాలి. రాశాను. పది రికార్డులతో టెస్ట్ చేస్తే అంతా సరిగ్గా ఉంది. అసలు డేటా మీద నడిపితే మొదటి కస్టమర్ పేరుండాల్సిన చోట ఇంకెవరిదో సగం అడ్రసు కనిపించేది.

రెండు రాత్రులు కూర్చున్నా అంతు చిక్కలేదు. మూడో రోజు ఒక సీనియర్ వచ్చి స్క్రీన్ చూసి, "ఏం తమ్మీ, మాన్యువల్ ఆఖరిదాంక చదివినవా?" అన్నాడు. "చదివానన్నా" అన్నాను. అదీ అబద్ధమే. పది రికార్డులు ఒకే పేజీలో ఇమిడిపోయాయి కాబట్టి మొదటి పాయింటర్ చూస్తున్న చోటు మారలేదు. డేటా పెరిగి రెండో ఫెచ్ వేరే పేజీని తెచ్చేసరికి, మొదటిది ఉన్న చోటు పోయింది. కాపీ చేసుకోవడానికి రెండు లైన్లు చాలు. ఆయన రాసిచ్చి, "ఇంతకుముందు రెండేళ్లు ఏం చేసినవ్?" అని మాత్రం అడగలేదు. అడగకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత ఆ మాన్యువల్ చివరిదాకా చదివాను. అప్పుడు తట్టింది. నా రెజ్యూమె రెండు పేజీలు, అందులో నేను చేయగలిగినవీ చేయలేనివీ అన్నీ చేయగలిగినట్టే ఉన్నాయి. బగ్స్ సెక్షన్ లేదు. థాంప్సన్ అంతటివాడి ప్రోగ్రామ్‌కి ఉంది.

ఇప్పుడు అమీర్‌పేట స్టేషన్లో మెట్రో మారి ఆఫీసుకి వెళ్తుంటాను. ఇంటర్వ్యూలు నేనే చేస్తుంటాను. అవే బోర్డుల కింది నుంచి వచ్చిన రెజ్యూమెలు చూస్తాను. "మీ చేతుల్లో పాడైపోయిన ప్రోగ్రామ్ ఒకటి చెప్పండి" అని అడుగుతాను. చాలామంది కంగారు పడతారు. అప్పుడు ముందు నాది చెబుతాను, ఆ రెండేళ్లతో సహా. కొందరు తలుపు వైపు చూస్తారు. కొందరు కాసేపాగి, "సార్, రెజ్యూమెలో ఒకటి తప్పు రాశాను" అని మొదలుపెడతారు. అసలు ఇంటర్వ్యూ అక్కణ్ణుంచి నడుస్తుంది.